తెలియకపోవడం ఎవరికి చెల్లుతుంది?

ఇంట్లో ఎక్కడో నీళ్ళు కారుతున్నాయన్న సంగతి మొదట ఎవరికి తెలుస్తుంది? నాకు తెలిసిన ఇళ్ళన్నిటిలోనూ ఆడవాళ్ళకే. సింకు కింద చెక్క ఉబ్బిందనీ, గోడ మీద సున్నం పొక్కులు లేచిందనీ, మోటారు మామూలు కంటే గంట ముందే వెయ్యాల్సి వస్తోందనీ కనిపెట్టేది వాళ్ళే. కారేచోట గిన్నె పెట్టేదీ, అది నిండితే తీసుకెళ్ళి మొక్కలకు పోసేదీ, జాయింటుకి గుడ్డపీలిక చుట్టేదీ వాళ్ళే. ఆ కారడాన్ని ఆపడానికి ఏ వస్తువు కావాలో, దాని పేరేమిటో, సైజెంతో తెలిసినవాళ్ళు మాత్రం సాధారణంగా వేరే. కనిపెట్టడం చాకిరీ కింద జమ అయింది, బాగుచెయ్యడం పనితనం కింద జమ అయింది. మొదటిదానికి కూలీ లేదు సరికదా, అదొక పని అన్న గుర్తింపు కూడా లేదు.

మన సాహిత్యం ఇంటిపని గురించి తక్కువేమీ మాట్లాడలేదు. విమల ‘వంటిల్లు’ కవిత, పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథ చదవకుండా తెలుగు స్త్రీవాదం గురించి ఎవరూ పాఠం చెప్పలేరు. కానీ వంటింటిని అంత లోతుగా చూసిన మనం, ఆ వంటింటి గోడలోపల పరుచుకున్న ఇంటి జోలికి పెద్దగా వెళ్ళలేదనిపిస్తుంది. గోడ బయట గిన్నెలు, పొయ్యి, అలికిన నేల. గోడ లోపల పైపులు, వాల్వులు, వైర్లు. బయటిది స్త్రీ స్వభావమనీ లోపలిది పురుషుడి విజ్ఞానమనీ ఎవరు పంచిపెట్టారు? ఈ పంపకంలో నాకు ఆసక్తి కలిగించేది శ్రమ కన్నా జ్ఞానం. నిర్దిష్టంగా చెప్పాలంటే, అజ్ఞానం.

పైపుల లోకంలోకి అడుగుపెట్టగానే మొదట అడ్డుపడేది భాష. అరంగుళం పైపు అంటారు. స్కేలు పెట్టి కొలవండి, అరంగుళం ఎక్కడా దొరకదు. అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. అరంగుళం జి.ఐ. పైపు బయటి అడ్డుకొలత దాదాపు 21 మిల్లీమీటర్లు, లోపలిది 16 దాకా ఉంటుంది. ఒకప్పుడు ఇనుప పైపుల గోడ మందంగా ఉండి లోపలి రంధ్రం నిజంగానే అరంగుళం దగ్గరగా ఉండేదట. తర్వాత గోడ పలచబడింది, పాత మరలు సరిపోవాలి కాబట్టి బయటి కొలత అలాగే ఉండిపోయింది, పేరూ మిగిలిపోయింది. అంటే అరంగుళం అనేది కొలత కాదు, వాడుకగా మిగిలిన పేరు. పైగా వేణ్ణీళ్ళకు వాడే సి.పి.వి.సి. అరంగుళం పైపు బయట 16 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, చన్నీళ్ళ యు.పి.వి.సి. అరంగుళం 21. రెండూ అరంగుళాలే, ఒకదాని ఎల్బోలో ఇంకొకటి కూచోదు. వీటిని కలపాలంటే ఇటొక మర ముక్క, అటొక మర ముక్క అతికించుకుని ఆ మరల దగ్గర కలుపుకోవాలి. ఇది తర్కంతో ఊహించి తెలుసుకోగలిగింది కాదు. ఎవరో చెప్పాలి. ఆ చెప్పేవాళ్ళు తమ్ముడికి చెప్పారు, అక్కకు చెప్పలేదు. అంతకు మించిన రహస్యమేదీ ‘మగవాళ్ళ టెక్నికల్ బుర్ర’లో లేదు.

ఇక ఆ మర ముక్కల పేర్లు. బయట మర ఉంటే మేల్, లోపల మర ఉంటే ఫిమేల్. దుకాణాల్లో ఎం.టి.ఏ., ఎఫ్.టి.ఏ. అంటారు. పొడి అక్షరాలుగా పలికేటప్పుడు వాటిలో ఆడామగా ఉన్నారని కుర్రాళ్ళకు గుర్తు కూడా ఉండదు. తెలుగులో బయటి మర, లోపలి మర అంటే సరిపోయేది, స్పష్టంగానూ ఉండేది. ఇంకో సంగతి: లోహపు నల్లాను ప్లాస్టిక్ ఎఫ్.టి.ఏ.లోకి బలంగా బిగిస్తే పగిలేది ఎఫ్.టి.ఏ.నే. అందుకే గోడలో నల్లా బిగించే చోట లోపల ఇత్తడి మర ఉన్నదే అడగాలి. ఇక్కడ ఓ ఉపమానం అల్లేసుకోవాలని మనలాంటి వాళ్ళకు చేతులు దురదపెడతాయి. వద్దు. అది పగిలేది లోపల్నుంచి బిగువు పడటం వల్ల. ప్లాస్టిక్ కుదింపును భరించినట్టు సాగదీతను భరించలేదు. టెఫ్లాన్ టేపు మరీ మందంగా చుట్టి బలవంతంగా ఎక్కించినా అదే జరుగుతుంది. ఆ టేపును కూడా మర కొసను మన కంటికెదురుగా పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టాలి. రెండోవైపు చుడితే బిగించేకొద్దీ విడిపోతుంది.

నేను ఒకసారి మా వీధి చివర హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్ళి “అరంగుళం సి.పి.వి.సి. ఎఫ్.టి.ఏ., ఇత్తడి మరది కావాలి” అన్నాను. కౌంటర్‌లో ఉన్నాయన నావైపు చూసి, “సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి మేడమ్, ఏది కావాలో ఆయనకు చెబుతాం” అన్నాడు. వస్తువు పేరు, సైజు, రకం అన్నీ చెప్పాక ఇక ఆ సార్ చెప్పేందుకు ఏం మిగిలిందో నాకు తెలియలేదు. ఆ మాటలో దురుసుతనం లేదు, సాయం చేద్దామనే ఉంది. అదే ఇబ్బంది. నాకు తెలియదన్నది ఆయన దృష్టిలో నిందకాదు, మర్యాద. స్త్రీకి ఈ విషయాల్లో అజ్ఞానాన్ని ఒక గౌరవంలాగా ఇచ్చారు మనవాళ్ళు, పట్టుచీర పెట్టినట్టు.

ఈ సంగతి చెబితే నాకంటే పెద్దావిడ, సహోద్యోగి, నవ్వి అంది: “ఎందుకు నేర్చుకుంటావే? వంట మనదే, పిల్లల చదువులు మనవే, కరెంటు బిల్లు మనదే. ఇప్పుడు పైపులు కూడానా? తెలియదంటే పోయేదానికి!” దీన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. ఆమె చెప్పింది అనుభవం. స్త్రీ నేర్చుకున్న ప్రతి కొత్త పనీ ఆమె పాత పనుల పక్కన చేరిందే తప్ప, వాటిలో ఒక్కదాన్నీ తప్పించలేదు. స్కూటర్ నేర్చుకున్న రోజునుంచీ పిల్లల్ని దింపడం, కూరగాయలు తేవడం తన పనులైపోయాయని చెప్పే స్త్రీలు మనచుట్టూ ఎంతమంది! అలాంటప్పుడు నేర్చుకోకపోవడం కూడా ఒక ప్రతిఘటన కాదా? సమ్మె లాంటిది కాదా?

నేను చాలాకాలం ఈ ప్రశ్న దగ్గర ఆగాను. నాకిప్పుడు తోచేదేమిటంటే, అజ్ఞానం అందరికీ ఒకే ధరకు అమ్ముడుపోదు. వంట రాదన్న మగవాడికి అన్నం దొరుకుతుంది. అతని రాకపోవడం ఇంకొకరిని పనిలోకి పిలుస్తుంది, వాళ్ళు వచ్చి చేస్తారు, అతను వేళకి తింటాడు. వాషరు మార్చడం రాదన్న స్త్రీకి వాషరు మారదు. ఆయన ఆదివారం చూస్తానంటాడు, ప్లంబరు సాయంత్రం వస్తానంటాడు, ఆ ఆదివారందాకా, ఆ సాయంత్రందాకా గిన్నె మార్చేది ఆమే. అతని అజ్ఞానానికి సేవ దొరికితే, ఆమె అజ్ఞానానికి ఎదురుచూపు దొరుకుతోంది. సమ్మె చేస్తే యజమానికి నష్టం రావాలి. ఈ సమ్మెలో తడిసేది మన కాళ్ళే కదా. కాబట్టి మా సహోద్యోగి వాదంలో పని పెరుగుతుందన్న భయం నిజమేగానీ, తెలియకపోవడం దానికి విరుగుడు కాదు. తెలిసి కూడా ‘ఇవాళ నేను చెయ్యను, నువ్వు చెయ్యి, ఎలాగో చెబుతాను’ అనగలగడం వేరే సంగతి. ఆ మాట అనడానికి ముందు తెలిసి ఉండాలి.

తెలిసినప్పుడు ఏం జరుగుతుందో చూడటానికి బాందా దాకా వెళ్ళాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 1990ల తొలినాళ్ళలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద, చదువురాని స్త్రీలు, ఎక్కువగా దళిత, కోల్ స్త్రీలు, చేతిపంపుల మరమ్మతు నేర్చుకున్నారు. చేతిపంపు మరమ్మతంటే మాటలు కాదు. గొలుసు విప్పాలి, బరువైన ఇనుప పైపుల్ని ఒక్కొక్కటే భూమిలోంచి పైకి లాగాలి, అడుగున సిలిండర్‌లో అరిగిన వాషర్లు మార్చి మళ్ళీ దించాలి. ఆ పని చేస్తూ చేస్తూ వాళ్ళు చదువు కావాలన్నారు. ఆ చదువులోంచి ‘మహిళా డాకియా’ అనే పత్రిక పుట్టింది. ఆ దారిలోనే 2002లో చిత్రకూట్‌లో స్త్రీలు నడిపే ‘ఖబర్ లహరియా’ వార్తాపత్రిక మొదలైంది. మనం అక్షరం ముందు, పానా తర్వాత అనుకుంటాం. అక్కడ పానా ముందొచ్చింది. దీనికి పక్కనే, 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌ని పెట్టి చూడాలి. అందులో ఊరికి ఐదుగురు స్త్రీలకు నీటి నాణ్యతను పరీక్షించడంలో శిక్షణ ఇవ్వాలని పెట్టారు. మంచిదే. కానీ పరీక్షించడం కూడా కనిపెట్టే పనే కదా.

ప్లంబరు సంగతి కూడా చెప్పుకోవాలి. అతను ఏ రోజు పని ఆ రోజు వెతుక్కునే మనిషి. డాక్టరేట్ ఉన్న నేను అతన్ని ‘నువ్వు’ అంటాను, నాకంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దవాడైనా అతను నన్ను ‘మీరు’ అంటాడు. అతనికి నామీద మగవాడిగా ఉన్న ఆధిక్యం, నాకు అతనిమీద వర్గం, కులం వల్ల ఉన్న ఆధిక్యం ఆ సింకు కింద ఎదురుపడతాయి. నేను పని నేర్చుకున్నది అతని కూలీ మిగుల్చుకోవడానికో, అతన్ని దొంగగా అనుమానించడానికో అయితే అందులో స్త్రీవాదమేమీ లేదు. తెలిశాక మారింది మాట. లైనంతా మార్చాలన్నప్పుడు, “మధ్యలో యూనియన్ ఉందా? అక్కడ విప్పితే సరిపోతుందేమో చూడండి” అన్నాను. (యూనియన్ ఉంటే పైపు కొయ్యకుండానే లైను విడదీయొచ్చు. ఆ పేరు నాకెంత నచ్చిందో చెప్పక్కర్లేదు.) అతను ఒక క్షణం చూసి, లేదని చెప్పి, తుప్పుపట్టిన మర చేత్తో తీసి చూపించి, ఎందుకు కొయ్యక తప్పదో వివరించాడు. అతనికి చెప్పడం వచ్చు. అంతవరకూ అడిగినవాళ్ళు లేరు.

ఇంతా రాశాక, మొదట వాడిన ‘ఆడవాళ్ళు’ అన్న మాటను కొంచెం విప్పి చూడాలి. ఏ ఆడవాళ్ళు? మా అపార్ట్‌మెంట్లో అందరికంటే ముందు కారడాన్ని కనిపెట్టేది గిన్నెలు తోమే ఆమె. సింకు కింద వాల్వు ఎటు తిప్పితే కడుతుందో ఇంటామెకు తెలియదు, ఆమెకు తెలుసు. వాళ్ళ బస్తీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన ఆ కాసేపట్లో జాయింటు ఊడితే ఆదివారందాకా ఆగడం కుదరదు. సైకిల్ ట్యూబు సన్నగా కోసి, లాగిపట్టి, ఒక చుట్టుమీద సగం ఇంకో చుట్టు వచ్చేలా బిగిస్తుంది. బొట్టు పావు మిల్లీలీటరు అనుకుంటే, సెకనుకో బొట్టు చొప్పున రోజుకు 21 లీటర్ల పైన కారుతుంది. నాకది లెక్క, ఆమెకు అది బిందెన్నర బరువు. ఆమెకు ఎఫ్.టి.ఏ. అన్న పేరు తెలియదు, ఎవరూ ఆమెను టెక్నీషియన్ అనరు. మొన్న మా ఇంట్లో నల్లా మార్చినప్పుడు, పాతదాన్ని తిప్పి చూసి, “వాషరొక్కటే పోయిందమ్మా, ఇది నేను తీసుకెళ్తా” అని కొంగులో చుట్టుకుని పట్టుకెళ్ళింది.