జాలి ఎవరి మీద?

అమ్మడూ,

జూనియర్ సివిల్ జడ్జిగా చేరావని తెలిసి చాలా సంతోషించాను. కోపంలో తీర్పు చెప్పొద్దని ఈపాటికి పదిమంది చెప్పే ఉంటారు. దాహంతో వెళ్లిన పరీక్షిత్తు, ధ్యానంలో ఉన్న శమీకుడి మౌనాన్ని పొగరనుకుని మెడలో చచ్చిన పామును వేసిన కథా చెప్పే ఉంటారు. అందుకని నేను జాలి గురించి రాస్తున్నాను. కోపం వస్తే ముఖం చూసి పక్కవాళ్లయినా పసిగడతారు. జాలి మంచితనంలాగే కనిపిస్తుంది కాబట్టి ఎవరూ ఆపరు.

నానావతి కేసు పరీక్షల కోసం చదివే ఉంటావు. మళ్లీ ఒకసారి తీరిగ్గా చదువు. 1959 ఏప్రిల్ 27న నౌకాదళ కమాండర్ నానావతి, ప్రేమ్ ఆహుజాతో భార్యకున్న సంబంధం గురించి ఆమె నోటనే విన్నాడు. ఆమెనూ పిల్లల్నీ సినిమాహాలు దగ్గర దింపాడు. ఓడకు వెళ్లి రివాల్వర్ తీసుకున్నాడు. ఆహుజా ఆఫీసులో లేకపోతే ఇంటికి వెళ్లి మరీ కాల్చాడు. జ్యూరీలో తొమ్మిది మందికి ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లని నేననుకోను. బ్లిట్జ్ వారపత్రిక అతని పక్షాన రాసింది, జనమూ అటే మొగ్గారు. బోనులో నిలబడ్డవాడు కళ్లెదుట ఉన్నాడు. చచ్చినవాడు కోర్టుకు రాలేడు కదా! కాల్పులప్పుడు అదే ఇంట్లో ఉన్న అతని తోబుట్టువు మేమీ కోసం అయ్యో అన్నవాళ్లు ఎందరో?

సెషన్స్ జడ్జి ఆ నిర్ణయం ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపాడు. అక్కడ యావజ్జీవం పడింది, 1961లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. నానావతి ఇల్లు వదిలింది ఒకటిన్నరకు, హత్య జరిగింది నాలుగూ ఇరవైకి. దాదాపు మూడు గంటలు, ఆవేశం అదుపులోకి రావడానికి చాలినంత సమయం అన్నారు. ఆవేశమనేది ఉంటుందని చట్టమూ ఒప్పుకుంటుంది, కాకపోతే ఎంతసేపని అడుగుతుంది. ఆ తీర్పులో నాకు నచ్చేది ఈ లెక్కే.

జాలి చంపుకోమనడం లేదు. శిక్ష ఎంత వెయ్యాలన్నప్పుడు అది ఉండాల్సిందే. నేరం జరిగిందా లేదా అన్నచోట మాత్రం దూరం పెట్టు. బోనులో కుర్రాడు మన యాసలో మాట్లాడి, మీ తమ్ముడిలా కనిపించాడనుకో, ఫిర్యాదుదారు వాంగ్మూలం ఇంకోసారి చదివాకే కలం పట్టు.

అన్నట్టు, తీర్పును పక్కకు లాగేది జాలి ఒక్కటే కాదేమో. ఇజ్రాయెల్ పెరోల్ విచారణల మీద 2011లో ఒక అధ్యయనం వచ్చింది. భోజన విరామం ముందుకంటే తర్వాత ఎక్కువ మందికి పెరోల్ దొరికిందట. కేసుల వరస వల్లే అలా కనిపించిందని కొందరు కొట్టిపారేశారు. వాళ్ల తగువు వాళ్లు తేల్చుకుంటారు, నువ్వు మాత్రం మధ్యాహ్నం అన్నం మానకు.

మీ పెదనాన్న