జవాబు రాని ప్రశ్న

హైదరాబాదు నుంచి కోస్తా ఊళ్ళకు రాత్రి బస్సులు నడిపే యజమాని ఒకాయన ఉండేవాడు. టికెట్ల సాఫ్ట్‌వేర్ అంతా ఆఫీసు వెనక గదిలో ఒకే కంప్యూటర్‌లో ఉండేది. సీట్ల చార్టు, చార్జీల లెక్క, డబ్బు వసూలు, ఎస్సెమ్మెస్ పంపడం, అన్నీ ఒకే ప్రోగ్రాములో కలగాపులగంగా ఉండేవి. పండగ చార్జీ పెంచబోతే సీట్ల చార్టు చెడేది. చార్టు బాగుచేస్తే ఎస్సెమ్మెస్సులు ఆగిపోయేవి. బస్సులు పెరిగేకొద్దీ ఆ ప్రోగ్రామును ముట్టుకోవడానికే అందరూ జంకారు.

యజమాని ఒక పెద్ద ప్రోగ్రామర్‌ను పిలిపించి దాన్ని బాగుచేసే పని అప్పగించాడు. అతను ఆ ప్రోగ్రామును కాంపొనెంట్లుగా విడదీశాడు. సీట్లకొకటి, చార్జీలకొకటి, వసూలుకొకటి, ఎస్సెమ్మెస్‌కొకటి, వీటన్నిటినీ అడిగి టికెట్ తయారుచేసే బుకింగ్ కాంపొనెంట్ ఒకటి. ఎవరు దేన్ని ఏమడగవచ్చో, అది ఏం జవాబివ్వాలో కాగితం మీద రాశాడు. ఒకదాని లోపలి లెక్కల్లో ఇంకొకటి వేలు పెట్టకూడదని కట్టడి చేశాడు. ఆ తరవాత పండగ చార్జీ మార్చడం ఒక పూట పని అయింది, సీట్ల చార్టు చెక్కుచెదరలేదు. మెచ్చుకోవలసిన పనే అది, ఇంతవరకూ అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

అయితే అతను అక్కడితో ఆగలేదు. కాంపొనెంట్లు ఎలాగూ విడిపోయాయి కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో మెషిన్ మీదికి చేర్చాడు. బుకింగ్ హైదరాబాదులోనే ఉంది. సీట్లు, వసూలు ముంబయిలోని డేటా సెంటర్‌కు వెళ్ళాయి, మిగతావి ఇంకోచోటికి. పక్కనున్న కాంపొనెంట్‌ను పిలిచినట్టే దూరంలో ఉన్నదాన్నీ పిలవనిచ్చే పనిముట్టు ఒకటి అతని దగ్గర ఉంది. దాని పుణ్యాన కోడ్‌లో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన పని లేకపోయింది. ఆ సంగతే అతను అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. యజమాని సంతోషపడి ఆఫీసందరికీ బిర్యానీ తెప్పించాడు.

అన్‌సీజన్ కావడంతో నాలుగు నెలలు ఏ ఇబ్బందీ బయటపడలేదు. తరవాత సంక్రాంతి వచ్చింది.

మొదట టికెట్లు కొనే వెబ్ పేజీ మొరాయించింది. విజయవాడకు బస్సులెన్ని ఉన్నాయని ఎవరైనా వెతికితే బుకింగ్ కాంపొనెంట్ ఒకటో సీటు ఖాళీయా అని అడిగేది, జవాబు వచ్చాక రెండో సీటు గురించి అడిగేది, అలా నలభై సీట్లకూ అడిగేది. ఒకే మెషిన్‌లో ఉన్నప్పుడు అలాంటి ప్రశ్నకు సెకనులో పది లక్షలవ వంతు కూడా పట్టేది కాదు, అందుకే అది తప్పని ఎవరికీ తోచలేదు. ముంబయికి ప్రశ్న పోయి జవాబు తిరిగి రావాలంటే ఇరవై మిల్లీసెకన్లు. పన్నెండు బస్సులు, బస్సుకు నలభై సీట్లు, మొత్తం 480 ప్రశ్నలు. పేజీ తెరుచుకోవడానికి దాదాపు పది సెకన్లు పట్టింది. విసుగెత్తిన జనం మళ్ళీ మళ్ళీ నొక్కారు, నొక్కినప్పుడల్లా ఇంకో 480 ప్రశ్నలు పుట్టాయి.

అంతకన్నా పెద్ద గొడవ డబ్బు దగ్గర వచ్చింది. ఒక రాత్రి ఒక ప్రయాణికుడు నాలుగు టికెట్లు కొన్నాడు. వసూలు కాంపొనెంట్ అతని ఖాతాలోంచి డబ్బు తీసుకుని, తీసుకున్నానని జవాబు పంపింది. ఆ జవాబు దారిలో పోయింది. బుకింగ్ కాంపొనెంట్ ముప్పై సెకన్లు చూసి, వసూలు జరగలేదని తేల్చుకుని, మళ్ళీ అడిగింది. వసూలు కాంపొనెంట్‌కు అది కొత్త ప్రశ్నే కాబట్టి మళ్ళీ డబ్బు తీసుకుంది. పొద్దున్నే ఆ ప్రయాణికుడు బ్యాంకు మెసేజీలు రెండూ చూపించి కౌంటర్ దగ్గర గొడవపెట్టుకున్నాడు. అతని వెనక అలాంటివాళ్ళే ఇంకా చాలామంది నిలబడ్డారు.

పెద్ద ప్రోగ్రామర్ మళ్ళీ అడగడం మాన్పించాడు. అప్పుడు జవాబు దారిలో తప్పిన ప్రతిచోటా డబ్బు పోయింది, టికెట్ రాలేదు. మళ్ళీ అడగడం మొదలుపెట్టించాడు, డబ్బు రెండేసిసార్లు వసూలవడం మళ్ళీ మొదలైంది. పెద్ద మెషిన్లు కొనిపించాడు, వేగమైన లైను వేయించాడు. ఖర్చు పెరిగింది, పేజీ కొంచెం త్వరగా తెరుచుకుంది. జవాబులు పోవడం మాత్రం పోలేదు. ఎంత మంచి లైనయినా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది.

ప్రయాణికుల డబ్బు లెక్కచూసి తిరిగిచ్చే పని ఒక కుర్ర ప్రోగ్రామర్ మీద పడింది. ఆమె కొన్నాళ్ళు కౌంటర్‌లో ముసలి గుమాస్తా పక్కన కూర్చుంది. కంప్యూటర్లు రాకముందు టికెట్లు ఎలా ఇచ్చేవాళ్ళో అతను పాత పుస్తకాలు తీసి చూపించాడు. విజయవాడ కౌంటర్‌తో మాట్లాడాలంటే ఎస్టీడీ చెయ్యాలి. బిల్లుకు భయపడి సీటుకొక ఫోన్ చేసేవాడు కాదు, ఖాళీల జాబితా మొత్తం ఒక్క ఫోన్‌లోనే రాసుకునేవాడు. సీటు రాయించాలంటే ఫోన్ ఎత్తకముందే తన పుస్తకంలో ఒక నంబరు వేసుకునేవాడు. మాట మధ్యలో లైను తెగితే మళ్ళీ చేసి ముందుగా ఆ నంబరే చెప్పేవాడు. అవతలి గుమాస్తా రిజిస్టరు తిరగేసి, అది అప్పటికే రాసి ఉంటే రాసి ఉందని చెప్పేవాడే తప్ప ఇంకో సీటు రాసేవాడు కాదు. లైను అసలు కలవకపోతే ఆ టికెట్ వివరాలు పెన్సిల్‌తో రాసి పెట్టుకునేవాడు, ఖాయమయ్యాకే సిరాతో దిద్దేవాడు.

ఆమె ఆ పద్ధతినే ప్రోగ్రాములోకి తెచ్చింది. బస్సులన్నిటి ఖాళీలూ ఒక్క ప్రశ్నలో అడిగేలా మార్చింది. ప్రతి వసూలుకూ బుకింగ్ వైపే ముందుగా ఒక నంబరు పుట్టించింది. ఆ నంబరు అప్పటికే చూసి ఉంటే వసూలు కాంపొనెంట్ డబ్బు జోలికి పోకుండా పాత జవాబే మళ్ళీ పంపింది. బ్యాంకుకు వెళ్ళే అభ్యర్థన మీదా అదే నంబరు వేయించింది. పరీక్షించేటప్పుడు ఒక తిరకాసు బయటపడింది. అడిగిన ప్రతిసారీ ప్రోగ్రాము కొత్త నంబరు పుట్టిస్తోంది, దాంతో రెండు వసూళ్ళూ మామూలే. ఒక టికెట్‌కు ఎన్నిసార్లు అడిగినా నంబరు ఒకటే ఉండేలా సరిదిద్దాక అది తీరింది. జవాబు రాని టికెట్‌ను అవలేదని కొట్టెయ్యకుండా, అయిందని ఇచ్చెయ్యకుండా, తేలవలసినదిగా పక్కన పెట్టించింది. ఎస్సెమ్మెస్ కోసం టికెట్ ఆగకుండా దాన్ని వరసలో పెట్టి తరవాత పంపించింది. ఎప్పుడూ ఒకదాన్నొకటి అడుగుతూ ఉండే సీట్లనూ చార్జీలనూ తిరిగి ఒకే మెషిన్ మీదికి తెచ్చింది. కాంపొనెంట్లుగా మాత్రం అవి విడివిడిగానే ఉన్నాయి.

మరుసటి సంక్రాంతికి లైన్లు ఎప్పటిలాగే తెగాయి. రెండుసార్లు డబ్బు కట్టామని కౌంటర్‌కు మాత్రం ఎవరూ రాలేదు.

ఈ కథలోని నీతి ఏమంటే, ప్రోగ్రామును కాంపొనెంట్లుగా విడదీయడం వేరు, వాటిని దూరదూరంగా పెట్టడం వేరు; మౌనం అర్ధాంగీకారమన్న లోకం మాట నెట్‌వర్క్‌లో చెల్లదు, అక్కడ మౌనానికి అవుననీ అర్థం లేదు, కాదనీ అర్థం లేదు. దూరాన్ని దాచిపెట్టి అన్ని పిలుపులనూ ఒకేలా చూపిస్తే ఆలస్యాలూ, సగం సగం వైఫల్యాలూ దెబ్బతీస్తాయని జిమ్ వాల్డో, మరో ముగ్గురు కలిసి 1994లో సన్ మైక్రోసిస్టమ్స్ నుంచి వెలువరించిన ‘ఎ నోట్ ఆన్ డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్’ వ్యాసంలో హెచ్చరించనే హెచ్చరించారు. కాబట్టి మీ కాంపొనెంట్‌ను ఇంకో మెషిన్ మీదికి పంపే ముందు, దాన్ని ఏమడగాలో రాసుకున్న కాగితం మీదే జవాబు రాకపోతే ఏం చెయ్యాలో కూడా రాసి పెట్టుకోండి.