దుఃఖదినమున దోనె యెక్కవచ్చునా?

ధ్యానభాగము: మత్తయి 14:1-23



మన లంక గ్రామములలో ఒక ఇంట మరణము సంభవించినయెడల, ఆ సంవత్సరమంతయు ఆ ఇంటివారి నడతను పదిమందియు కనిపెట్టుచుందురు. నవ్విన తప్పు, పండుగకు వచ్చిన తప్పు. అట్టి యింటి యౌవనుడొకడు సాయంకాలమున పడవ విప్పుకొని ఒంటరిగా ఏటిమీదికి పోయినచో, తండ్రి పోయి యేడాది తిరుగకముందే వీనికి షికారు కావలసివచ్చెనా అని అరుగుల మీద మాట పుట్టును. ప్రార్థనకు రాడు గాని రేవుకు పోవునని సంఘములోని పెద్దలు సహితము అందురు. దుఃఖములోనున్న విశ్వాసి నీటిమీద ఊరట వెదకుట పాపమా? దీనిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

మన ప్రాంతమువారికి ఈ ప్రశ్న మరింత బరువైనది. ఏలయనగా మనకు దుఃఖము తెచ్చినదే నీరు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు పట్టణమును చుట్టుపట్ల గ్రామములును మునిగి, దాదాపు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రము లేచి వచ్చినప్పుడు, ప్రభుత్వపు లెక్క ప్రకారమే దాదాపు 10,000 మంది పోయిరి. సొర్లగొంది వంటి ఊళ్లలో ఏడ్చుటకైనను మనుష్యులు మిగులని ఇండ్లు కలవు. మనవారిని మ్రింగిన నీరు మనలను ఆదరించునా? దానిని మరల ప్రేమించుట చనిపోయినవారికి ద్రోహము కాదా?

కాదు. నీరు దేవత కాదు, దయ్యమును కాదు. అది దేవుడు చేసిన సృష్టి. నోవహు దినములలో లోకమును ముంచిన నీరే ఓడను పైకెత్తినది. శిష్యులను భయపెట్టిన గలిలయ అలల మీదనే ప్రభువు తలగడ వేసికొని నిద్రించెను. 1977 తరువాత మన జాలరులు మరల వలలు బాగుచేసికొని పడవలు నీటిలోనికి త్రోసిరి. అది కూటికొరకే అందురేమో. కూటికొరకే అయినను, పగతో తెడ్డు వేయువాడెవడు? వారు నీటిని క్షమించిరనుట సరికాదు, క్షమించుటకు దానియందు నేరము లేదు. వారు దేవుని సృష్టితో మరల సమాధానపడిరి.

ఇప్పుడు మన ధ్యానభాగమును చూడుడి. హేరోదు యోహానును చెరసాలలో చంపించెను. శిష్యులు శవమును పాతిపెట్టి, వచ్చి యేసుకు తెలియజేసిరి. ఆయనకు ముందుగా మార్గము సిద్ధపరచినవాడు, ఆయనకు బాప్తిస్మమిచ్చినవాడు పోయెను. ఆ మాట విని ప్రభువు సమాజమందిరమునకు వెళ్లలేదు, జనులను పిలిచి ప్రసంగింపలేదు. దోనె యెక్కి ఏకాంతస్థలమునకు బయలుదేరెను. దుఃఖదినమున దోనె యెక్కినవారిని నిందించు నోరు ఈ వచనము ముందు మూతపడవలెను.

దోనెలో ఏమున్నది? చేతికి పని యున్నది, కంటికి ఎదుటి నీరున్నది. దుఃఖితుని మనస్సు గానుగెద్దువలె ఒకే చోట తిరుగుచుండును. తెడ్డు పట్టినవాడు ఎదుటి అలను చూడక తప్పదు. ఉత్తర ధ్రువప్రాంతపు ఇన్యూట్ జనులు సీలు చర్మముతో చేసికొన్న కయాక్ అను చిన్న పడవ నేడు లోకమంతట వ్యాపించినది. అందు ఒక్కడే కూర్చుండి, రెండు ప్రక్కలను రెక్కలున్న తెడ్డు వేయును. రిషీకేశము దగ్గర రాళ్ల మధ్య నురుగులు గ్రక్కుచు దిగు గంగలో దానిని నడపువారున్నారు. మన నాగాయలంకలో కృష్ణ నిలుకడ నీటిపై నేర్చుకొన్న యువకులున్నారు. అమెరికాలో వాల్టర్ రీడ్ సైనికాసుపత్రి యొద్ద, యుద్ధములో గాయపడినవారికి కయాక్ నేర్పు పని 2004లో ఆరంభమైనది. కాళ్లు పోగొట్టుకొన్నవారు సహితము నీటిమీద తమ బలమును మరల కనుగొనిరి.

ఆ నురుగు నీటిలో ఒక సంగతి కలదు. పెద్ద బండకు దిగువను నీరు నెమ్మదించి వెనుకకు తిరుగును. పడవవాడు అందులోనికి మళ్లి ఊపిరి తీసికొని, ముందు త్రోవ చూచుకొని, మరల ప్రవాహములోనికి పోవును. బండ ఏటిని ఆపదు, ఏటిలోనే విశ్రాంతి చూపును. మన పాయలలో బండలు లేవు. అయినను పోటు ఎదురైనప్పుడు పడవవాడు దానితో పోరాడక, గెడ పాతి పడవ కట్టి, నీరు తిరుగువరకు కాచుకొనును. కీర్తనకారుడు దేవుని తన బండ అని పిలిచినది ఇట్టి ఆదరణకొరకే. దుఃఖము ఆగదు, దాని నడుమ నిలుచు చోటు దొరకును.

అయితే పడవ యెక్కినవారందరు ఒక్కటి కారు. యోనాయు ఓడ యెక్కెను. దేవుని యెదుటనుండి పారిపోవుటకు ఎక్కెను. ప్రభువును దోనె యెక్కెను. గట్టు చేరగానే జనసమూహమును చూచి కనికరపడి, రోగులను బాగుచేసి, ఆకలిగొన్నవారికి ఆహారము పెట్టెను. ఆ సాయంకాలమే కొండయెక్కి ఒంటరిగా ప్రార్థించెను. కావున దోనెయు ప్రార్థనయు పగవారు కారు. భేదము ఎక్కుటలో లేదు, దిగుటలో కలదు. కల్లుపాకయు దుఃఖమును మరపించును. కాని మనుష్యుని ఇంటికి తిరిగి ఇయ్యదు. ఏ ఊరట నిన్ను తల్లియొద్దకు, బిడ్డలయొద్దకు, పొరుగువాని కష్టమునొద్దకు మునుపటికంటె మెత్తని హృదయముతో త్రిప్పి పంపునో అది దేవుని వరము. ఏది గట్టును మరపించునో అది యోనా ఓడ.

దుఃఖములోనున్న సహోదరుడా, తుఫాను హెచ్చరిక లేని వేళ, ఇంటివారికి చెప్పి, నెమ్మదిగా ఏటిమీదికి పొమ్ము. చీకటి పడకముందే తిరిగి రమ్ము. నీకొరకు కనిపెట్టువారున్నారు.

సంఘ పెద్దలారా, మీకును ఒక మాట. సిలువ శ్రమల తరువాత మనస్సు చెదరిన పేతురు చేపలు పట్టబోయినప్పుడు, ప్రభువు అతనిని గద్దింపలేదు. తెల్లవారుచుండగా దరిని నిలిచి, నిప్పులమీద చేపను, రొట్టెను సిద్ధపరచి, భోజనమునకు పిలిచెను. ఆయన పేతురును ప్రశ్నించినది భోజనమైన తరువాతనే. రేవులో నిలిచి వ్రేలు చూపు సంఘము కాక, అన్నము వండి కనిపెట్టు సంఘముగా నుండుటకు ప్రభువు మనకు కృప దయచేయును గాక. ఆమేన్.