మన జాలి ఎక్కడ ఆగిపోతోంది?

2015లో వచ్చిన ‘నార్కోస్’ సిరీస్ చూసినవాళ్లు చాలామంది ఒక మాట అంటారు: "పోలీసులు తరుముతుంటే, ఆ పాబ్లో ఎస్కోబార్ తప్పించుకుంటే బాగుండనిపించింది." నాకూ అనిపించింది. అబద్ధం ఎందుకు?

చూడ్డం తప్పా? కాదు. కెమెరా ఎవరి వెంట నడిస్తే మన మనసూ వాళ్ల వెంటే పోతుంది. అతని పెళ్లాం, పిల్లలు, భయం అన్నీ మనకు తెలుసు. 1989 నవంబరు 27న అతని ముఠా కొలంబియాలో ఒక విమానాన్ని పేల్చింది. అందులోని 107 మందీ పోయారు. సిరీస్‌లో ఆ పేలుడూ ఉంది. కానీ ఆ 107 మందిలో ఒక్కరి పేరైనా మనకు గుర్తుందా?

మెడెలిన్‌లో ఎస్కోబార్ ఉన్న మొనాకో భవనం ముందు టూరిస్టులు ఫొటోలు దిగేవాళ్లు. 2019లో నగరపాలకులు దాన్ని కూల్చేసి, చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా పార్కు కట్టారు.

ఉపాసకులు చేయకూడని ఐదు వ్యాపారాల్లో మత్తు వ్యాపారాన్ని బుద్ధుడు చేర్చాడు. అయినా ఆ వ్యాపారి మీద జాలి పడటం తప్పు కాదు, కరుణకు హద్దు లేదు. ఆ కరుణ తెర మీది ముఖం దగ్గరే ఆగిపోతే మాత్రం అది కరుణ కాదు, మోజు.

ఈసారి టీవీ కట్టేశాక ఒక్క నిమిషం కూచోండి. కెమెరా చూపించని మనిషిని తలచుకోండి.