త్రోవ యెవ్వరిది?

త్రోవ యెవ్వరిదను ప్రశ్న వినుటకు చిన్నదిగా తోచును. ప్రభుత్వమువారిదని దస్తావేజు చెప్పును. పన్ను కట్టితిమి గనుక మాదని బండ్లవారందురు. తొందరగలవానిదని బలవంతుడు తలచును. అయితే సంచి చంకబెట్టుకొని, దాటుటకు సందు దొరకక, త్రోవ ప్రక్కన నిలిచిన ముసలమ్మకు ఈ మూడు సమాధానములలో ఒక్కటియు అక్కరకు రాదు. ఆమె తరపున ఈ ప్రశ్నను కొంచెము విచారింపదలచితిమి.

ధర్మపురి 1965 అక్టోబరు 2వ తేదీన సేలము జిల్లానుండి విడివడి ప్రత్యేక జిల్లా యయ్యెను. నాటి పల్లెవీధి బండ్లకు త్రోవ మాత్రమే కాదు. రాగులు ఎండబోయు చోటు, పిల్లలు గోలీలాడు చోటు, సాయంకాలమున పెద్దలు కూర్చుండి మాటలాడుకొను చోటు కూడ అదియే. నేడు పల్లెలు పెరిగినవి. అదే వీధి తారు పూసికొని, బెంగుళూరు సేలముల నడుమ సాగు జాతీయ రహదారిని చేరుకొను దగ్గరిదారి యైనది. ఇండ్లు ఒకవైపు, బడియు పాలసొసైటీయు వేరొకవైపు. బండ్లు పెరిగినవి, వాని వేగము పెరిగినది. ఇంటి గడపకును త్రోవకును నడుమనున్న దూరము మాత్రము పెరుగలేదు.

ఇట్టి యూళ్లలో స్పీడు బ్రేకరు వేయవలయునని ఒకరు కోరగానే వేరొకరు లెక్క చూపుదురు. దినమునకు రెండువేల బండ్లు పోవుననుకొందము. ఒక్కొక్క బండికి అర నిమిషము ఆలస్యమైనచో మొత్తము వేయి నిమిషములు, అనగా పదునారు గంటలకు పైగా నష్టమని వారి వాదము. మేము ఉద్యోగకాలమంతయు పద్దులు వ్రాసి కూడికలు సరిచూచినవారము గనుక ఈ లెక్కను గూర్చి ఒక మాట చెప్పుదుము. కూడిక సరియే, పద్దు తప్పు. ఆ పదునారు గంటలు పోగొట్టుకొన్న మనుష్యుడెవ్వడును లేడు. పోయినది రెండువేలమందికి అర నిమిషము చొప్పున మాత్రమే. ఇల్లు చేరులోపల దానిని వారే మరచెదరు. రెండవ పద్దులోనిది బిడ్డ ప్రాణము. అది పలువురికి పంచబడదు. ఒక్క యింటిమీదనే మొత్తముగా పడును. ఒక పద్దులోని సొమ్మును వేరొక పద్దులో చెల్లువేయరాదని చిన్న గుమాస్తాకును తెలియును.

ఈ ధర్మము క్రొత్తది కాదు. తిరువారూరున మనునీతి చోళుని కథ అరవదేశమందు ఎరుగనివారు లేరు. సేక్కిళారు పెరియపురాణమందు దానిని చెప్పియున్నాడు. రాజకుమారుని రథము క్రిందపడి దూడ చచ్చెను. తల్లియావు వచ్చి న్యాయఘంట మ్రోగించెను. రాజు తన కుమారునికే ఆ గతి విధించెను. మన తెలుగువారికి బెజవాడ మాధవవర్మ కథ గలదు. అక్కడ రథము క్రిందపడినవాడు చింతచిగురు అమ్ముకొను పేదరాలి కొడుకు. రాజు మాత్రము అట్లే తీర్పు చెప్పెను. కావేరి యొడ్డునను కృష్ణ యొడ్డునను ఒకే కథ నిలుచుటలో అర్థము లేకపోలేదు. ఆ శిక్ష నేటి కాలమునకు తగదు. దానిని ఎవ్వరును కోరరు. గమనింపవలసినది వేరు. దూడ త్రోవలోనికేల వచ్చెనని రాజు అడుగలేదు. బిడ్డను తల్లి యేల విడిచెనని అడుగలేదు. చంపగల శక్తి యెవ్వని చేతిలో నున్నదో జాగ్రత్త మొదట వానిదే యని నిర్ణయించెను.

ప్రకృతిశాస్త్రమును ఇదే చెప్పుచున్నది. ముప్పది కిలోమీటర్ల వేగము అరువది యైనచో బండి తాకిడిశక్తి రెండింతలు కాదు, నాలుగింతలగును. అందువలననే 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోములో కూడిన లోకదేశముల మంత్రులు, నడచువారును బండ్లును కలసి తిరుగుచోట వేగము ముప్పది కిలోమీటర్లకు మించరాదని ప్రకటించిరి. మన దేశమున 2022 సంవత్సరమున 4,61,312 రహదారి ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. అనగా దినమునకు నాలుగువందల అరువది మందికి పైగా. ఆ యేడు ప్రమాదముల సంఖ్యలో తమిళనాడే మొదటిది.

అయినను తప్పంతయు డ్రైవరుపై వేయుట సులభము, న్యాయము కాదు. మన జిల్లాలోని తొప్పూరు కనుమను చూడుడు. 2020 డిసెంబరు 12న అదుపు తప్పిన సిమెంటు లారీ పదికి పైగా వాహనములను ఢీకొనగా నలుగురు మరణించిరి. 2024 జనవరి 24న మరల నలుగురు. దిగుడుబాటలో కొందరు డీజిలు మిగులుటకై గేరు తీసి బండిని జారవిడుతురు. ఇంజను పట్టు లేక, బ్రేకులు వేడెక్కి, పట్టు తప్పును. ఆ డీజిలు మిగులును లెక్కగట్టు యజమాని యెవ్వడు? వాలును మలుపులను అట్లు కూర్చినవారెవ్వరు? సరుకు త్వరగాను చౌకగాను రావలయునని కోరు మనము ఎవ్వరము? మనుష్యుడు పొరపడుట సహజము, ఆ పొరపాటునకు ప్రాణము వెల కారాదు, బాటయే అట్లుండవలయునను సిద్ధాంతమును స్వీడను పార్లమెంటు 1997లో అంగీకరించెను. ఋణము పలువురిదైనపుడు ఒక్కనిపై వ్రాసి లెక్క మూసివేయరాదు.

మంచిపనికిని కొలత కావలయును. రాత్రికి రాత్రి మట్టియు కంకరయు పోసి గట్టు వేసిన ఊళ్లు గలవు. గుర్తులేని గట్టు చీకటిలో మోటారు సైకిలువానిని పడవేయును; ఆంబులెన్సులోని రోగిని బాధించును. ఒకనిని కాపాడుటకై వేరొకని పడవేయుట ధర్మము కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారు చెప్పిన కొలత గలదు: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు, గుండ్రని వాలు. ఇరువదియైదు కిలోమీటర్ల వేగమున వచ్చువానికి దానివలన బాధ లేదు. ముందుగా హెచ్చరిక పలక, తెల్లరంగు చారలు, దీపము ఉండవలయును.

తరతరములుగా ఇచట స్థిరపడిన మన కుటుంబములకు ఒక మనవి. లారీ పొరుగూరిది కావచ్చును. వీధిలో రివ్వున దూసికొనిపోవు మోటారు సైకిలు మాత్రము తరచుగా మన యింటి పిల్లవానిదే. ఈ ధర్మపురి తగడూరై యున్న కాలమున అదియమాన్ దీర్ఘాయువు నిచ్చు ఉసిరికాయను తాను తినక అవ్వయారునకిచ్చెనని పురనానూరు మూలముగా విందుము. అది దానము, అంతటి దానము ఎల్లరకు సాధ్యము కాదు. మన వీధిలో ముసలమ్మ అడుగునది అర నిమిషము. దానిని ఇచ్చుట దానము కాదు, బాకీ తీర్చుట.

జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో గ్రామసభలు జరుగును. బడిముందర, పాలసొసైటీముందర త్రోవ దాటుటకు తగిన యేర్పాటు కావలయునని అర్జీ వ్రాసికొని పోయి, తీర్మానముగా నమోదు చేయించి, ఆ త్రోవ యే శాఖదో ఆ శాఖకు పంపించి, దాని నకలు దగ్గర నుంచుకొనవలయును. ఆ అర్జీపై మొదటి సంతకము, ఇంట్లో బండి గలవారు చేయుట న్యాయము.