దోసిలి లేని తర్పణం

నేటి ధ్యానానికి: శాంతిపర్వంలోని శంఖలిఖితుల కథ

పుంగనూరులో పుట్టినవాళ్ళకు ఏటి ఒడ్డున నడిచే అలవాటు ఉండదు. మాకున్నవి చెరువు కట్టలు. పొద్దు వాలాక కట్ట మీదికి పోయి, నాలుగు మాటలు మాట్లాడుకుని, దోమలు ముసిరేలోగా ఇంటికి మళ్ళుతాం. ఏటి వెంబడి నడవాలని మనసు పుడితే మదనపల్లె బస్సెక్కాలి. అక్కడ బాహుదా ఉంది. కొత్తవాళ్ళు మాత్రం వంతెన మీద నిలబడి కూడా నది ఎక్కడని అడుగుతారు. కంపచెట్లు, ఇసుక తోడేసిన గుంతలు, గాలికి ఎగిరొచ్చి కంపకు చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లు, మధ్యలో ఊరి మురుగు మోసుకుంటూ ఓ సన్నటి పాయ. ఏడాదిలో ఎక్కువ కాలం బాహుదా ఇంతే. వానలు గట్టిగా పట్టిన ఏడు దాని వెడల్పు ఎంతో ఊరికి గుర్తొస్తుంది.

మదనపల్లె చరిత్రకేం కొదవలేదు. జిడ్డు కృష్ణమూర్తి 1895లో పుట్టింది ఇక్కడే. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి మార్చాడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ దానికి స్వరలిపి రాసిపెట్టింది. ఇవి పటం కట్టి గోడకు తగిలించుకునే సంగతులు, తగిలించుకున్నారు కూడా. బాహుదాకు మాత్రం ఎవరూ పటం కట్టలేదు. దానిదేమో భారతమంత పాత కథ.

శంఖుడు, లిఖితుడు అన్నదమ్ములు. ఇద్దరూ మునులే. బాహుదా ఒడ్డున ఎవరి ఆశ్రమం వాళ్ళది. ఒకరోజు తమ్ముడు అన్నను చూడబోయాడు. అన్న లేడు. చెట్టు నిండా మాగిన పండ్లు. లిఖితుడు కోసుకుని తింటూ కూర్చున్నాడు. అంతలో శంఖుడు వచ్చి, ఎక్కడివిరా ఇవి అని అడిగితే, ఇక్కడివే అని నవ్వాడు తమ్ముడు. అన్న నవ్వలేదు. అడగకుండా తీసుకుంటే దాన్ని దొంగతనమే అంటారు, రాజు దగ్గరికి పోయి చేసింది చెప్పి దండన అడిగి వేయించుకో అన్నాడు.

లిఖితుడు బయల్దేరాడు. సుద్యుమ్న మహారాజు ఎదురొచ్చి మర్యాద చేశాడు. సంగతి విని, దండించే అధికారం నాదైతే క్షమించే అధికారమూ నాదే కదా స్వామీ, ఇంకేదైనా కోరుకోండి అన్నాడు. లిఖితుడు వేరే ఏదీ కోరలేదు. రాజు చేసేది లేక అతని రెండు చేతులూ నరికించాడు.

ఈ కథను వ్యాసుడు చెప్పేది ధర్మరాజుకు. యుద్ధం ముగిసి, చుట్టాలందరినీ పోగొట్టుకుని, రాజ్యం నాకొద్దు అడవికి పోతానని కూర్చున్న ధర్మరాజుకు. దండించడం రాజుకు తప్పని పని అని ఒప్పించడానికి వ్యాసుడు సుద్యుమ్నుణ్ణి చూపిస్తాడు. కథ రాజు కోసం చెప్పిందే, కాదనను. నాకు మాత్రం రాజు మీద మనసు నిలవదు, చేతులు పోయాక జరిగినదాని మీదే నిలుస్తుంది.

ఆ మొండి చేతులతో లిఖితుడు తిరిగి అన్న దగ్గరికే వచ్చి, దండన అయింది, క్షమించు అన్నాడు. శంఖుడు చెప్పినదాంట్లో ముఖ్యమైనవి రెండు సంగతులు. నాకు నీ మీద కోపం లేదు, నీ ధర్మం తప్పింది, దానికి ప్రాయశ్చిత్తం అయిపోయింది అన్నది ఒకటి. తొందరగా బాహుదాకు పోయి దేవతలకు, ఋషులకు, పితరులకు తర్పణం వదులు అన్నది రెండోది.

ఇందులో చేతుల మాట ఎక్కడుంది? పోయిన చేతులు తిరిగొస్తాయని అన్న ఆశ పెట్టలేదు. నదిని చేతులు అడగమని కూడా చెప్పలేదు. దేవుడి దగ్గరికి పోయేటప్పుడు మనం పట్టుకుపోయే జాబితా మీకు తెలుసు: బిడ్డ ఉద్యోగం, ఆయన షుగరు, కోర్టు వాయిదా. అంత పెద్ద గాయంతో వచ్చినవాడికి శంఖుడు అలాంటి జాబితా ఒకటి రాసి ఇవ్వొచ్చు. ఇవ్వలేదు. పోయి ఇంకొకరికి నీళ్ళు ఇవ్వమన్నాడు.

తర్పణం ఎలా వదులుతారో దగ్గర నుంచి చూసినవాళ్ళకు ఇక్కడ గుండె ఆగుతుంది. మహాలయ అమావాస్య నాడు బాహుదాలో ఒక పెద్దాయన్ను చూశాను. ఏట్లో తాకదగ్గ నీళ్ళు లేవని ఇంటి నుంచే క్యాను తెచ్చుకున్నాడు. వేలికి దర్భ పవిత్రం, పళ్ళెంలో నల్ల నువ్వులు. మనవడు క్యాను వంచి అరచేతిలోకి సన్నగా ధార పోస్తున్నాడు. దేవతలకైతే నీళ్ళు వేళ్ళ కొసల నుంచి జారాలి. ఋషులకు చిటికెనవేలి మొదటి పక్క నుంచి. పితరులకు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నుంచి. ఆయన తన తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు చెప్పి అరచేయి పక్కకు వంచుతుంటే నువ్వులు బొటనవేలి మొదట్లో అంటుకుపోయి, తర్వాతి ధారకు కదిలి కింద పడుతున్నాయి. ఇసుక ఆ నీళ్ళను పడ్డచోటనే తాగేస్తోంది. పిల్లవాడు మధ్యలో ఫోను చూడబోతే ‘రేయ్, నీళ్ళు!’ అని కసిరి మళ్ళీ మంత్రంలో పడ్డాడు.

ముగ్గురికి ఇవ్వమన్నాడు శంఖుడు. ముగ్గురికీ చేతిలోనే మూడు చోట్లు. లిఖితుడికి వాటిలో ఒక్కటీ లేదు. ఎలా వదలను అని అతను అన్నను అడిగి ఉంటే కథ అక్కడే ఆగిపోయేది. అడగకుండా ఏట్లోకి దిగాడు, మునిగాడు, తర్పణం మొదలుపెట్టాడు. భారతం ప్రకారం చేతులు మొలిచింది ఆ క్షణంలో, తామర పూల లాంటివి రెండు. మునగడానికి ముందు రాలేదు, ఒడ్డెక్కి కూర్చున్నాకా రాలేదు. పని ఎత్తుకున్నాక వచ్చాయి.

వణుకుతూ పరుగున వచ్చి అన్నకు చూపించాడు. అప్పుడు అడిగాడు, మనమైనా అడిగే ప్రశ్నే: నీ తపస్సుకు ఇంత శక్తి ఉంటే ముందే నన్ను శుద్ధి చేసి ఉండొచ్చు కదా? దండించే అధికారం నాది కాదు, దానివల్ల రాజూ పవిత్రుడయ్యాడు, పితరులతో సహా నువ్వూ పవిత్రుడివయ్యావు అన్నాడు శంఖుడు. ఈ జవాబు నాకు పూర్తిగా మింగుడు పడదు. పండ్లకు చేతులా? ధ్యానానికి కూర్చున్నంత మాత్రాన పడని మాటను పడిందని చెప్పక్కర్లేదు.

ఈ కథను సొంతం చేసుకున్న ఏరు మన వైపు ఇదొక్కటే కాదు. కాణిపాకం వినాయకుడి గుడి దగ్గరి ఏరూ బాహుదానే, అక్కడి స్థలపురాణమూ శంఖలిఖితులదే. మదనపల్లె బాహుదా కిందికి పోయి పింఛాతో కలిస్తే చెయ్యేరవుతుంది, కథ ఆ పేరులోనూ ఉంది. అదే చెయ్యేరు 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్టను తెంచుకుని పులపత్తూరు, మందపల్లె లాంటి ఊళ్ళ మీద పడింది. చేతులిచ్చిన నది అని మొక్కే నోటితో ఆ రోజు పోయిన వాళ్ళ మాట కూడా తలవాలి. వాళ్ళకూ తర్పణాలు ఆ నీళ్ళలోనే వదిలారు.

చేతుల కథ ఇంకో ఏటి ఒడ్డునా ఉంది. కుప్పం వైపు పారేది పాలారు. తమిళనాడులోకి దిగి రాయవేలూరు మీదుగా పోతుంది. జబ్బు ముదిరితే మన ప్రాంతం వాళ్ళు అటే పోతారు, ‘రాయవేలూరు ఆస్పత్రికి తీసుకుపోయినారు’ అంటే సంగతి పెద్దదని అర్థం. 1940ల చివర్లో ఆ ఆస్పత్రిలో పాల్ బ్రాండ్ అనే సర్జను కుష్ఠుతో వంకరపోయి బిగుసుకున్న వేళ్ళను, పనిచేసే కండరాల స్నాయువులను మళ్ళించి కట్టి, మళ్ళీ తెరుచుకునేలా చేశాడు. అంతవరకు ఆ చేతులకు ఆపరేషను చేయొచ్చని పెద్దగా ఎవరూ తలచలేదు. చేతులు బాగై ఇళ్ళకు పోయినవాళ్ళలో కొందరు తిరిగొచ్చి మొరపెట్టుకున్నారట: వేళ్ళు చక్కగా ఉన్నాయని బిచ్చం వేయడం లేదు, రోగం పేరు చెప్పి పని ఇవ్వడం లేదు. బ్రాండ్ అప్పుడు వాళ్ళ కోసం ఒక చిన్న కేంద్రం పెట్టి వడ్రంగం లాంటి పనులు నేర్పించాడు. చెయ్యి ఇవ్వడంతో తీరదు, దానికొక పని కావాలని ఆయన తెలుసుకున్నాడు. శంఖుడు పని ముందు పెట్టాడు, చెయ్యి తర్వాత వచ్చింది.

మళ్ళీ మదనపల్లెకు వచ్చి, ఏటి దగ్గర నుంచి నీరుగట్టువారిపల్లె వరకు నడక సాగిస్తే మగ్గాల చప్పుడు వీధిలోకి వినిపిస్తుంది. పట్టుచీరలు నేసే ఇళ్ళు. గుంటమగ్గం ముందు కూర్చున్నవాడి చేయి ఒక్క క్షణం ఊరికే ఉండదు, తెగిన పోగు కనబడగానే రెండు వేళ్ళతో నులిమి అతికి, మళ్ళీ నాడె ఆడిస్తాడు. అతికిన చోటు మనకు కనబడదు.

అన్నదమ్ముల కథ కాబట్టి ఇంకో మాట. మా వైపు అన్నదమ్ముల వ్యాజ్యాలకు మూలం చాలాసార్లు చెట్టే. గెనిమ మీది బెంగళూర మామిడి ఎవరిదన్న గొడవతో కోర్టు మెట్లెక్కినవాళ్ళను ఎంతమందిని చూశామో. రాజు దగ్గరికి పో అనడం అందరికీ వచ్చు. కోపం లేదు, ఏటికి పో అన్న రెండో మాట శంఖుడి తర్వాత ఎవరైనా అన్నారా అని వెతకాలి. మా ఇంట్లోనూ ఒక చెట్టుంది. బోరు నీళ్ళ వంతు దగ్గర మొదలై చెట్టు దాకా పోయింది. తమ్ముడూ నేనూ మాట్లాడుకుని రెండు మామిడి కాపులు దాటాయి.

ప్రార్థన:

తల్లీ బాహుదా, ఇవాళ తమ్ముడికి ఫోను చేస్తాను. ఎత్తితే ఏం మాట్లాడాలో తెలియదు. నీళ్ళ వంతు సంగతి ఎత్తను, చెట్టు సంగతీ ఎత్తను. వచ్చే అమావాస్యకు నాయన తిథి ఉంది, ఇద్దరం కలిసి పెడదాం రా అంటాను. తర్వాతి మాట నువ్వే చూసుకోవాలి.