ప్రేమ నవలను ఒకరి చేతికివ్వడం

మహాభారతంలో, అరణ్యపర్వాన, ధర్మరాజు దుఃఖభారంతో క్రుంగి ఉన్న సమయంలో బృహదశ్వుడనే మహర్షి అక్కడికి వచ్చినాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకొని, అస్త్రార్థియై వెళ్ళిన అర్జునుని ఎడబాసి, అడవిలో కూర్చున్న ఆ రాజు, తనకంటె భాగ్యహీనుడైన రాజు లోకంలో ఎవడైనా ఉన్నాడా అని అడిగినాడు. మహర్షి వేదాంతం బోధించలేదు. నలదమయంతుల కథ చెప్పినాడు. వినికిడి చేతనే పుట్టిన వలపు, హంస రాయబారం, స్వయంవరం, వియోగం, పునస్సమాగమం - ప్రేమకథకు కావలసినవన్నీ అందులో ఉన్నవి. పైగా ఆ కథలోని నాయకుడు కూడ జూదంలో సర్వం ఓడినవాడే. నడిరేయి అడవిలో భార్యను విడిచిపోయినవాడే. వినేవాని గాయం ఎక్కడ ఉన్నదో ఎరిగి, దానికి తగిన కథను ఏరి ఇవ్వడమంటే ఇదే.

ఇటలీ మహాకవి డాంటే తన నరకవర్ణనలో, ఐదవ సర్గలో, దీనికి సరిగా ఎదురైన దృశ్యం ఒకటి చూపినాడు. ఫ్రాంచెస్కా అనే యువతి, ఆమె మరిది పావొలో కలిసి కూర్చుండి లాన్సెలాట్ ప్రేమకథ చదువుతారు. ఆ పఠనం వారిని పరస్త్రీపరపురుష ప్రేమలోనికి, అక్కడినుండి మృత్యువులోనికి, నరకంలోనికి తీసుకొని పోతుంది. ఆ పుస్తకమూ దానిని వ్రాసినవాడూ తమ మధ్య తార్పుడు పని చేసినారని ఫ్రాంచెస్కా వాదం. డాంటే ఆమె వాదాన్ని అంగీకరించినట్లు కనబడదు; ఆమెను నరకంలోనే ఉంచినాడు. కాని ఆమె మాట విని మూర్ఛపోయినాడు. తానూ ప్రేమకవిత్వం వ్రాసినవాడు గనుక ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలి ఉంటుంది.

ఈ రెండు కథల నడుమ మనం నిలుచున్నాము. ఒక ప్రేమ నవలను చదివి, బాగున్నదని తలచి, చదవండి అని మరొకరి చేతిలో పెట్టేవాడు బృహదశ్వుడా, తార్పుడుకాడా? లేక పుస్తకం చేతులు మారినంత మాత్రాన ఏ బాధ్యతా మారదా?

ఈ పనికి మనకు సరియైన మాట లేకపోవడం కూడ గమనింపదగినది. సిఫారసు అనే పదం పారసీకం నుండి వచ్చినది. హిందీలో సిఫారిశ్ అన్నా, తెలుగులో సిఫారసు అన్నా ముందుగా స్ఫురించేది కచ్చేరీ. ఉద్యోగానికో బదిలీకో పెద్దమనిషి వ్రాసి ఇచ్చే చీటీ. అందులో రెండు భావాలు దాగి ఉన్నవి. సిఫారసు చేసినవాని పరువు పణంగా ఉంటుంది. సిఫారసు పొందినది తనంతట తాను నిలువలేనిదన్న అనుమానమూ ఉంటుంది. తత్త్వగ్రంథాన్ని గాని చరిత్రను గాని చదువుమని చెప్పేటప్పుడు మనకు ఈ సంకోచం కలుగదు. ప్రేమ నవల దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. ఊరకే కాలక్షేపానికి అని ఒక క్షమాపణ ముందుగా వస్తుంది. ఆ క్షమాపణ పుస్తకానికి చేసిన అవమానమో, పుచ్చుకొనేవారికి చేసిన అవమానమో చెప్పడం కష్టం.

అయితే అన్ని ప్రేమ నవలలకూ ఈ అవమానం లేదు. హిందీలో ధర్మవీర్ భారతి వ్రాసిన గునాహోం కా దేవతా 1949లో వెలువడినది. అప్పటికి రచయిత ఇరవైల వయసులోనే ఉన్నాడు. నేటికీ అచ్చవుతూనే ఉన్నది. ఉత్తరాది కళాశాలల్లో చదివినవారిలో పెక్కుమందికి అది యౌవనంలో ఒక సంస్కారం వంటిది. అన్న చెల్లెలికి ఇస్తాడు, అధ్యాపకుడు విద్యార్థికి ఇస్తాడు. ఎవరూ గొంతు తగ్గించరు. కథాస్థలం ఆనాటి అలహాబాదు. 2018లో దాని పేరు ప్రయాగరాజ్ అయినది. చందర్ అనే విద్యార్థి డాక్టర్ శుక్లా అనే ఆచార్యుని ఇంట ఆదరణతో పెరుగుతాడు. ఆయన కుమార్తె సుధ, చందర్ పరస్పరం ప్రేమించుకొంటారు. ఆచార్యుని ఋణం, కులం, తన ప్రేమ దేహాతీతమైనదన్న అభిమానం - ఇవన్నీ కలిసి, సుధను మరొక వరునితో వివాహానికి ఒప్పించే పని చందరే తలకెత్తుకొంటాడు. సుధ ఒప్పుకొంటుంది; క్షీణిస్తుంది; మరణిస్తుంది.

దీని ప్రక్కన గుల్షన్ నందా నవలలను పెట్టండి. 1958లో స్థాపితమైన హింద్ పాకెట్ బుక్స్ వంటి సంస్థలు చౌక ధరకు చిన్న పుస్తకాలు ముద్రించి రైల్వే స్టేషనుల దాక చేర్చిన కాలంలో ఆయన పేరు ఇంటింటా వినబడినది. సినిమాలు కూడ ఆ కథలతోనే వచ్చినవి. 1971లో వచ్చిన కటీ పతంగ్‌లో నాయిక పెండ్లిపీటల మీదినుండి పారిపోయి, తరువాత చనిపోయిన స్నేహితురాలి పేరు ధరించి ఒక ఇంట వితంతువుగా జీవిస్తుంది. నాయకుడు ఆమె వితంతువనే నమ్మి, ప్రేమించి, పెండ్లాడగోరుతాడు. సన్నివేశాలలో కాకతాళీయాలు మెండు. కన్నీళ్ళు ఇంకా మెండు. ఇట్టి పుస్తకాన్ని దిండు క్రింద దాచుకొన్నారే గాని ఎవరూ బల్లమీద పెట్టి చదవలేదు. సాహిత్యచరిత్రలలో ఆయనకు దొరికిన చోటు చాల స్వల్పం.

రచనాశక్తిలో భారతిది పైచేయి అనుటలో నాకు సందేహం లేదు. కాని ఇప్పుడు మన ముందున్న ప్రశ్న శిల్పానికి సంబంధించినది కాదు. పదిహేడేండ్ల పిల్లవాని చేతికి ఏది ఇస్తున్నామన్నది. స్త్రీ ఇష్టాన్ని ఆమె తరఫున తానే త్యాగం చేయడం మహోన్నతమని చందర్ నమ్ముతాడు. రచయిత ఆ నమ్మకాన్ని శంకించినాడనే నేను అనుకొంటాను; ఉత్తరార్ధంలో చందర్ పతనం అంతా దానికి సాక్ష్యం. కాని కన్నీళ్ళతో చదివే పిల్లవానికి ఆ శంక అందుతుందా? అతనికి అందేది త్యాగపు తీపి. శరత్‌బాబు దేవదాసు 1917లో అచ్చయింది. చక్రపాణి వంటివారి అనువాదాలతో శరత్ తెలుగువాడే అన్నంతగా మన ఇండ్లలో కలిసిపోయినాడు. 1953 నాటి చిత్రంతో దేవదాసు అనే పేరు తెలుగున సామాన్యనామమే అయినది. ఒక బలహీనుని కథ అది. రచయిత దయతో వ్రాసినాడు. మనం దానిని ఆదర్శంగా పుచ్చుకొన్నాము. విషాదాంతం కాబట్టి గౌరవనీయం, సుఖాంతం కాబట్టి చులకన అనే లెక్క ఎక్కడినుండి వచ్చినదో గాని, మన సంస్కృత నాటకకర్తలకు మాత్రం తెలియదు. శకుంతలా దుష్యంతులు చివర కలుసుకొన్నందువల్ల కాళిదాసు తక్కువవాడు కాలేదు.

అంతమాత్రాన సుఖాంతమైన నవలలన్నీ నిర్దోషాలు కావు. వాటి అబద్ధం వేరు. యద్దనపూడి సులోచనారాణి సెక్రటరీ 1960ల్లో వచ్చి, 1976లో చలనచిత్రమై, ఈనాటికీ చదువబడుతున్నది. ధనవంతుడైన రాజశేఖరం, స్వాభిమానం గల జయంతి. పొడగరి, కారు గలవాడు, మాటలో గర్వం, మనసులో వెన్న - ఈ నాయకుని పోలికలు తరువాతి వందలాది నవలలలో అచ్చుగుద్దినట్లు కనిపిస్తవి. మగవాని అహంకారం వెనుక తప్పక ప్రేమ ఉంటుందనే నమ్మకం పాఠకురాలికి ఎంత ప్రమాదమో విమర్శకులు చెప్పినారు. ఆ మాట నిజం. వారు చెప్పని నిజం కూడ ఒకటున్నది. ఆడపిల్ల ఉద్యోగానికి వెళ్ళి, తన జీతం తాను తెచ్చుకొని, యజమానితో తల ఎత్తి మాట్లాడవచ్చునన్న ఊహ అద్దెపుస్తకాల దుకాణాల ద్వారా ఎన్నో వంటయిండ్లకు చేరినది ఈ నవలల వల్లనే. ఆ దుకాణాల వారు రోజుకు ఇంత అని పుచ్చుకొని పుస్తకాలిచ్చేవారు. పుస్తకం అందుకొన్నవారు పై రెండింటిలో దేనిని నమ్మినారో పుస్తకం ఇచ్చినవానికి ఎన్నడూ తెలియదు.

అమెరికా పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో ప్రకటించిన గ్రంథం ఒకటి ఈ విషయంలో నాకు మిక్కిలి ఉపకరించినది. ఆమె ప్రేమ నవలలను కాక, వాటిని చదివే స్త్రీలను అడిగినది. స్మితన్ అని మారుపేరు పెట్టిన ఒక పట్టణంలో, డాట్ అనే మారుపేరుతో ఒక పుస్తకాల దుకాణపు ఉద్యోగిని కనిపిస్తుంది. నెలనెలా వచ్చే ప్రేమ నవలలను చదివి, ఏది మంచిదో ఏది కాదో తన కొనుగోలుదారులకు చెప్పడం, ఒక చిన్న పత్రికగా వ్రాసి పంపడం ఆమె పని. ఆమెను నమ్మి కొనే గృహిణులు రాడ్వేకు చెప్పినదేమంటే, కథ ఎంత ముఖ్యమో చదవడమనే క్రియ అంత ముఖ్యం. పుస్తకం చేతిలో ఉన్నంతసేపు భర్త గాని పిల్లలు గాని తమను పిలువరాదు, ఆ కాసేపు తమది. నాయికను హింసించే కథలు, దుఃఖాంతాలు వారికి గిట్టవు. కొందరు కొనేముందే చివరి పుటలు తిరగవేసి చూసుకొంటారట. అయితే ఆ చదువు వారి సంసారాలను ఏమాత్రమూ మార్చలేదని, ఓదార్చి మళ్ళీ అదే పనిలోనికి పంపినదని రాడ్వే విచారపడినది. ఆ విచారం సమంజసమే గాని, ఓదార్పును అంత తేలికగా కొట్టివేయరాదు. బృహదశ్వుని కథ విని ధర్మరాజు ఆ రోజే అడవి విడిచి పోలేదు గదా.

చివరి పుటలు ముందు చూడడమన్నది సాహిత్యవేత్తలకు అపచారంగా తోస్తుంది. మా పొరుగున మంచాన పడిన అత్తగారికి ఆరేండ్లుగా సేవ చేస్తున్న ఒక గృహిణి నన్ను హిందీ నుండి వచ్చిన నవల ఏదైనా ఇమ్మని అడిగి, పుచ్చుకొనే ముందు, చివరికి వాళ్ళు బ్రతికే ఉంటారా అండి అని అడిగినది. ఉంటారమ్మా, కాని కలిసి ఉండరు అన్నాను. ఆమె ఆ పుస్తకం తిరిగి ఇచ్చి, వేరొకటి తీసుకొన్నది. కళారహస్యం చెడగొట్టితినని ఒక మిత్రుడు ఆక్షేపించినాడు. నలుడు దమయంతిని చేరుతాడని ముందే తెలిసి కూడ వేయి సంవత్సరాలుగా వింటున్న జాతి మనది. ఆమె అడిగినది రహస్యం కాదు; ఆ రాత్రి తాను మోయగలిగినంత బరువు.

ఇక్కడే ఇచ్చేవాని ధర్మం కొంత స్పష్టమవుతుంది. 2016లో వచ్చిన కొలీన్ హూవర్ నవల ఇట్ ఎండ్స్ విత్ అస్ లక్షలాది మందికి ప్రేమ నవలగా చేరినది. నాయిక లిలీ బాస్టన్ నగరంలో పూల అంగడి నడుపుకొంటుంది. ఆమె ప్రేమించి పెండ్లాడిన వైద్యుడు ఆమెను కొడతాడు. చివరికి ఆమె బిడ్డతో అతనిని విడిచిపెడుతుంది. అందులో రచయిత్రి ఉద్దేశం మంచిదే. కాని పూలు ముద్రించిన అట్టను చూసి, మధురమైన ప్రేమకథ అన్న మాట విని తెరిచినవారు దెబ్బలను చదివినారు. వారిలో తామే దెబ్బలు తిన్నవారు కూడ ఉండకపోరు. 2023లో ఆ నవల పేరిట రంగులు వేసుకొనే పుస్తకం తెస్తామని ప్రకటించి, పాఠకుల ఆగ్రహంతో వెంటనే విరమించుకొన్నారు. ఆ ఆగ్రహం నవల మీద కాదు. దానిని ఏమని చెప్పి చేతికి ఇస్తున్నారన్న దాని మీద.

మమ్మటుడు కావ్యోపదేశాన్ని కాంతాసమ్మితమన్నాడు. వేదం ప్రభువు వలె ఆజ్ఞాపిస్తుంది, పురాణం మిత్రుని వలె చెబుతుంది, కావ్యం ప్రియురాలి వలె మనసు కరిగించి ఒప్పిస్తుంది. చక్కని విభజన. కాని పుస్తకం ఇచ్చేవాడు ఈ మూడింటిలో ఎవరు? అతడు తానే కావ్యమనుకొని మనసులు కరిగించబోరాదు. ప్రభువై ఇది చదువు, అది చదువకు అనరాదు. అతనికి మిగిలినది మిత్రుని స్థానం. మిత్రుడు ఉన్నమాట చెప్పాలి: ఇందులో దెబ్బలు ఉన్నవి, ఇందులో చావు ఉన్నది, ఇందులో నాయకుడు చేసినది నాకు నచ్చలేదు, అయినా మూడు రాత్రులు నిద్రపోక చదివినాను అని. పుచ్చుకోవడమా మానడమా అన్నది ఎదుటివారి ఇష్టం.

మరి పిల్లల మాట ఏమిటని తల్లిదండ్రులు అడుగవచ్చును. వయసు వచ్చిన పిల్లకు ప్రేమ నవల ఇస్తే మనసు చలిస్తుందన్న భయం మన ఇండ్లలో కొత్తది కాదు. ఆడపిల్ల చదువుకు చెప్పిన అభ్యంతరాలలో అదీ ఒకటి. మనసు చలించదని నేను హామీ ఇవ్వలేను. చలింపజేయని పుస్తకమైతే ఇవ్వడమెందుకు? కాని దాచిపెట్టిన పుస్తకం ఎట్లాగూ దొరుకుతుంది. దొరికిన దానిని ఆ పిల్ల ఒంటరిగా, మాట్లాడేవారు లేక చదువుకొంటుంది. ఫ్రాంచెస్కా కథలో నాకు తరచు స్ఫురించేది ఆ ఏకాంతమే. ఆ ఇంట ఆమెతో ఆ పుస్తకాన్ని గురించి మాట్లాడదగిన మూడవ మనిషి ఒకరు ఉండి ఉంటే కథ ఎట్లు నడిచేదో.

అనువాదకుని సంగతి ఇంకా చిక్కు. అతడు తన ఎరుకలో లేని వేలమందికి పుస్తకం ఇస్తున్నాడు. చివరికి బ్రతికే ఉంటారా అని అతనిని అడిగేవారు ఉండరు. అతనికి ఉన్న అవకాశమల్లా మాటల ఎంపిక. భారతి నవల పేరునే తీసుకొందాము. హిందీలో దేవతా అన్న మాట పుంలింగం. ఆ శీర్షిక నేరుగా చందర్ మీదికి వేలు చూపుతుంది. తెలుగులో ఏకవచనాన దేవత అనగానే స్త్రీమూర్తి కన్నుల కడుతుంది. ఆ మాటనే ఉంచితే దైవత్వమూ దోషమూ రెండూ సుధ నెత్తిన పడతవి, చేసినవాడు తప్పించుకొంటాడు. గునాహ్‌కు పాపమందామా అంటే, తెలుగువాడు ఆ మాటను దోషానికీ వాడతాడు, జాలిపడినప్పుడూ వాడతాడు. పాపాల దేవుడు అన్నప్పుడు చందర్ మీద పాఠకునికి కోపం రావాలో జాలి కలగాలో, సగం ఆ ఒక్క పదమే తేల్చివేస్తుంది. అపరాధాల దేవుడు అంటే న్యాయస్థానపు వాసన వస్తుంది గాని, నేరం ఎవరిదో మాత్రం తెలుస్తుంది. నేను ఆ రెండవదాని వైపే మొగ్గుతాను.